కంప్యూటరులో మన లిపి నడచిన దారి



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము కంప్యూటరు. ఆ పేరు వినగానే ‘ఇది పిల్లల సంగతి, మనకేల?’ యని కొందరు పెద్దలు రేడియో కట్టివేయుదురేమో యని నాకు సందేహము కలదు. ఒక్క పావుగంట యోపిక పట్టుడని వేడుకొనుచున్నాను. మన భూముల దస్తావేజులు, మన దేవాలయముల జమాఖర్చులు, మన యిండ్ల శుభలేఖలు సైతము నేడు ఆ పెట్టెలోనే పుట్టి ఆ పెట్టెలోనే నిలిచియుండుచున్నవి. అందు వ్రాసినది ఇరువదియేండ్ల తరువాత మరల చదువుటకు వీలగునా యను ప్రశ్న పిల్లలకంటె పెద్దలకే యెక్కువ సంబంధించినది. ఆ ప్రశ్న నాకెట్లు కలిగినదో, దానికి సమాధానము వెదకుచు నేను తెలిసికొనిన చరిత్ర యేమో, క్రమముగా మనవి చేసెదను.

నాది పల్నాటిసీమలోని నడికుడి. 1999వ సంవత్సరమున మా యూరి వృద్ధులు కొందరు చెప్పిన పూర్వపు సంగతులను నేను వ్రాసికొంటిని. నాగార్జునసాగరు కాలువలు రాకపూర్వము మెట్టసేద్యమెట్లు సాగెనో, ఏ బావిలో నీరు ఏ వేసవి వరకు నిలిచెడిదో, సున్నపుబట్టీలలో రాయి యెట్లు కాల్చెడివారో, చిన్నరైలు కాలములో మిరపకాయల బస్తాలు గుంటూరునకెట్లు చేరెడివో, ఇట్టివన్నియు అందుండెను. సమీపమునందలి పట్టణములో నొక డి.టి.పి. దుకాణమున దానిని కంపోజు చేయించి, మూడు ఫ్లాపీ బిళ్లలలో నెక్కించుకొని యింటికి తెచ్చితిని. అచ్చువేయించుటకు ధనము కూడలేదు. నా వ్రాతప్రతిని చెదలు తినెను. ఆ మాటలు చెప్పిన వృద్ధులు ఒక్కరొక్కరుగా గతించిరి. బిళ్లలున్నవి గదా యను ధైర్యముతో పదునేడేండ్లు గడపితిని.

2016లో మా బంధువులలో నొక యువకుడు అచ్చుకూలి తాను భరించెదనని ముందునకు రాగా బిళ్లలను వెలికి తీసితిని. క్రొత్త కంప్యూటరులో వానిని దూర్చుటకు సందే లేదు. గుంటూరులో నొక చిన్న సాధనము కొని తగిలించి చూడగా దస్త్రము పేరు కనబడినది గాని దస్త్రము తెరవబడలేదు. ఎట్లో దానిలోని వ్రాతను బయటికి లాగి చూచినప్పుడు తెలుగక్షరమొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, నక్షత్రపు గురుతులు కోడి గెలికినట్లు తెర నిండ నిండియుండెను. మా వృద్ధుల మాటలేమైనవి? ఈ ప్రశ్నయే నన్ను ఈ చరిత్రలోనికి దింపినది.

ముందుగా ఒక మాట తెలిసికొనవలెను. కంప్యూటరు లోపల ‘ఆపరేటింగు సిస్టము’ అను నొక వ్యవస్థ యుండును. దాని పని మా యూరివారికి చెప్పుట సులభము. ఏలయన మా యూరు రైల్వే జంక్షను. సికిందరాబాదు దారియు, గుంటూరు దారియు, మాచర్ల దారియు అచ్చట కలియును. స్టేషను మాస్టరు బండిని తాను నడపడు, బస్తా మోయడు, ప్రయాణము చేయడు. అయినను ఏ బండి యే లైనున నిలువవలెనో, దేనిని ముందు పోనీయవలెనో, దేనిని ఆపవలెనో నిర్ణయించువాడు అతడే. అతడు లేనిచో బండ్లన్నియు మంచివే యైనను ఒక్కటియు కదలదు. కంప్యూటరులో ఉత్తరము వ్రాయు పని యొక బండి, లెక్కవేయు పని యొక బండి, బొమ్మ చూపు పని మరియొక బండి. వీనికి యంత్రము యొక్క శక్తిని, జ్ఞాపకస్థలమును పంచిపెట్టుచు, మీటలపలకనుండి వచ్చిన అక్షరమును చేర్చవలసిన చోటికి చేర్చుచు, దస్త్రములు ఎచ్చట దాచబడినవో లెక్క చూచుచు నుండునది ఆపరేటింగు సిస్టము. మనము తెరమీద చూచునది బండిని. చూడనిది స్టేషను మాస్టరును.

ఈ వ్యవస్థలు ఒక్కనాడు పుట్టినవి కావు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థకు పునాది వేసిరి. ఆనాటి కంప్యూటరు గది నిండ నుండెడిది. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వారును టి.డి.సి. అను పేరుతో అట్టి యంత్రములను దేశమునకు చేసి యిచ్చిరి. తరువాత యంత్రము చిన్నదై బల్లమీదికి వచ్చినది. అట్టి చిన్న యంత్రములకై గ్యారీ కిల్డాల్ 1974లో సి.పి.ఎం. అను వ్యవస్థను రచించెను. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థవారు బల్లకంప్యూటరును విపణికి తెచ్చినప్పుడు దానితో మైక్రోసాఫ్టు వారి డాస్ అను వ్యవస్థ వెలువడినది.

డాస్ నాటి కంప్యూటరును మీలో కొందరు బ్యాంకులలోనో కార్యాలయములలోనో చూచియుందురు. నల్లని తెర, దానిపై మినుకుమినుకుమను గీత యొకటి. ఆజ్ఞను అక్షరాలా కొట్టవలెను. ఒక్క యక్షరము తప్పినను అట్టి యాజ్ఞ లేదని త్రోసిపుచ్చును. ఫ్లాపీ బిళ్ల చదువుటకు రానిచో ‘మానుదువా? మరల యత్నింతువా? పోయినదనుకొందువా?’ యని మూడు మాటలలో ప్రశ్నించి కూర్చుండును. ఎన్నిమారులు యత్నించినను అదే ప్రశ్న. 1984లో ఆపిల్ సంస్థవారి మెకింటాష్ యంత్రము బొమ్మలతోను, చేతిలో కదలు మౌసుతోను సామాన్యులకు చేరువైనది. 1985 నవంబరులో మైక్రోసాఫ్టు వారి విండోస్ మొదటి కూర్పు వచ్చినది. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95తో బొమ్మను నొక్కి పని చేయించుకొను పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. మా పుస్తకము కంపోజైన యంత్రములో నుండినది దాని తరువాతిదగు విండోస్ 98.

ఈ వ్యవస్థలన్నియు ఇంగ్లీషువారి దేశమున ఇంగ్లీషు కొరకు పుట్టినవి. ఆనాటి పద్ధతిలో అక్షరమునకు యంత్రమిచ్చిన స్థానములు మొత్తము 256. అందు మొదటి సగము ఇంగ్లీషునకు పోగా, రెండవ సగము ఐరోపా భాషల గురుతులకు, గీతలకు వినియోగమయ్యెడిది. మన తెలుగునకు చోటేది? దీనికి మన దేశమున రెండు మార్గములు త్రొక్కిరి.

మొదటిది రాజమార్గము. కాన్పూరులోని ఐ.ఐ.టి.లో మొదలై, తరువాత పూణేలోని సి-డాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ అను విధానమున ఒక పలకను కంప్యూటరులో తగిలించినచో డాస్ తెరమీదనే భారతీయ లిపులు కనబడెడివి. 1988లో ఒకమారు, 1991లో సంస్కరింపబడి మరియొకమారు, ఇస్కీ అను జాతీయ ప్రమాణము వెలువడినది. దీనిలో ‘క’ అను ధ్వనికి తెలుగైనను, కన్నడమైనను, దేవనాగరియైనను స్థానమొక్కటే. దానికి తోడు 1986లో ఏర్పడిన ఇన్‌స్క్రిప్టు అను మీటల యమరిక ఎడమచేతికి అచ్చులను, కుడిచేతికి హల్లులను పంచినది. ఇదియంతయు ఎంతో శాస్త్రీయము. కాని అంగడిలో పనిచేయు కంపోజరుకు కావలసినది వేరు. శుభలేఖ సాయంకాలమునకు కావలెను. అక్షరము అందముగా నుండవలెను.

కావున రెండవది అడ్డదారి. దానిని నిందింపరాదు, ఆ దారియే మనకు పుస్తకములను, పత్రికలను ఇరువదియేండ్లు అచ్చువేసి యిచ్చినది. ఆ యుపాయమిది. యంత్రము దృష్టిలో ‘ఎ’ అను ఇంగ్లీషక్షరమునకు ఒక స్థానము కలదు. ఫాంటు అనగా అక్షరముల రూపములు గల పెట్టె. ఆ పెట్టెలో ‘ఎ’ రూపము తీసివేసి దాని చోట మన తలకట్టును పెట్టిరి. మరియొక దాని చోట గుడిని, ఇంకొకదాని చోట ‘ల’ వత్తును పెట్టిరి. పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు సీసపు ముక్కలను గళ్లనుండి యేరి పేర్చినట్లే, ఇచ్చట కొమ్మును, దీర్ఘమును, వత్తును ముక్కలుముక్కలుగా పేర్చి తెలుగక్షరమును కూర్చిరి. కంటికి తెలుగు, యంత్రమునకు మాత్రము అది ఇంగ్లీషే. స్టేషను మాస్టరుకు తెలియకుండ బస్తాలపై చీటీలు మార్చి బండి నడపినట్లు.

‘అను’ పేరిటి ఫాంట్లు మన డి.టి.పి. శాలలలో మిక్కిలి వ్యాపించినవి. పేజీలు కూర్చుటకు పేజ్‌మేకర్ అను సాధనము తోడైనది. ఒక్కొక్క దినపత్రిక యొక్కొక్క సొంత ఫాంటును చేయించుకొన్నది. మీటల యమరికలును పెక్కు. ఒక దుకాణమున నేర్చిన చేయి మరియొక దుకాణమున తడబడెడిది. ఒక ఫాంటులో గుడి యున్న స్థానమున వేరొక ఫాంటులో కొమ్ముండును. కావున ఒకచోట కూర్చిన పుట మరియొకచోట తెరచినచో చదువుటకు రాదు. ఫాంటు లేని యంత్రములో తెరచినచో చీటీల మీది అసలు ఇంగ్లీషు బయటపడును. నా బిళ్లలలో నేను చూచిన కోడిగెలుకుడు అదియే! మా వృద్ధుల మాటలు పోలేదు. వాని వేషము మాత్రము ఊడినది.

మా ప్రాంతపు పెద్దలకు గేజి మార్పు జ్ఞాపకముండును. గుంటూరు మాచర్ల దారి పూర్వము మీటరు వెడల్పు గల చిన్నదారి. సికిందరాబాదు వైపునుండి వచ్చినది 1,676 మిల్లీమీటర్ల పెద్దదారి. రెండును ఇనుప పట్టాలే, రెంటిమీదను బండ్లే. అయినను ఈ దారి బండి ఆ దారి యెక్కదు. సరకును దింపి మరల నెక్కింపవలెను. చిన్నదారిని పెద్దదారిగా మార్చిన తరువాతనే మాచర్లలో నెక్కినవాడు దిగకుండ దూరదేశములకు పోగలిగెను. మన లిపికిని అట్టి గేజి మార్పు కావలసివచ్చినది. ఆ పెద్దదారి పేరు యూనికోడు.

యూనికోడు ప్రపంచమందలి లిపులలోని ప్రతి యక్షరమునకు అంతటను చెల్లునట్టి యొక్కటే సంఖ్య నిచ్చినది. 1991 అక్టోబరులో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానముల వరుస యొకటి కేటాయింపబడినది. ఇందు ముక్కలు లేవు, వేషములు లేవు. ‘నడికుడి’ యని వ్రాసినచో న, డ, గుడి, క, కొమ్ము, డ, గుడి యని ఏడు సంఖ్యలు దాచబడును. ‘మాచర్ల’ యన్నచో మ, దీర్ఘము, చ, ర, పొల్లు, ల యని యారు. ‘ర’ తరువాత పొల్లును, దాని తరువాత ‘ల’యు వచ్చినవి గనుక ‘ల’ను వత్తుగా మార్చి క్రింద నిలుపవలెనని గ్రహించి రూపము కూర్చు పని ఎవరిది? ఆపరేటింగు సిస్టముది. అనగా స్టేషను మాస్టరే మన భాష నేర్చుకొనవలెను.

అతడు నేర్చుకొనుటకు పదేండ్లు పట్టినది. 2001 అక్టోబరు 25న వెలువడిన విండోస్ ఎక్స్‌.పి.తో ‘గౌతమి’ యను తెలుగు ఫాంటు వచ్చినది. అయినను తెలుగు తనంతట కనబడెడిది కాదు. కంట్రోలు ప్యానెలు తెరచి, ప్రాంతము భాష యను భాగములోనికి పోయి, సంక్లిష్ట లిపులకు కావలసిన దస్త్రములను చేర్చుమని యొక చిన్నగదిలో గురుతు పెట్టవలెను. అప్పుడది తన మూలపు సి.డి.ని అడుగును. సి.డి. లేనివాని గతి డబ్బాలే; అనగా అక్షరమునకు బదులు చతురస్రపు గళ్లు. ఆ గురుతు సంగతి తెలియక ‘మా కంప్యూటరులో తెలుగు రాదు’ అని చాలాకాలము నమ్మినవారిని నేనెరుగుదును, వారిలో నేనొకడను. 2007నాటి విస్టా మొదలుకొని ఆ బాధ తొలగినది.

ఈ లోపల దూరదేశములందున్న తెలుగువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1990 ప్రాంతమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ అనువారు ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయుటకు ఆర్.టి.ఎస్. అను పద్ధతి నేర్పరచిరి. తిరుమల కృష్ణ దేశికాచారి ‘పోతన’, ‘వేమన’ అను యూనికోడు ఫాంట్లను రచించి యుచితముగా పంచిపెట్టిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టుటకు కారకుడైన వెన్న నాగార్జున, పత్రికల పాతఫాంట్ల వ్రాతను యూనికోడులోనికి మార్చు ‘పద్మ’ యను సాధనమును రచించెను. 2006లో వీవెన్ అను యువకుడు ‘లేఖిని’ని తయారుచేసెను, దానితో కీబోర్డు కొత్తగా నేర్వనివాడును తెలుగు వ్రాయగలిగెను.

మరియొక దారియు కలదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు లినక్సు అను వ్యవస్థకు బీజము వేసెను. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, విప్పి చూడవచ్చును, తమకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. ఊరుమ్మడి చెరువువంటిది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు దానిపై ఆధారపడి 2005లో తెలుగు ఆపరేటింగు సిస్టమును వెలువరించిరి. అందు పట్టికల పేర్లు, ఆజ్ఞలు, హెచ్చరికలు తెలుగులోనే యుండును. అంతవరకు మనము యంత్రములో తెలుగు వ్రాసితిమి. అప్పుడు యంత్రమే మనతో తెలుగున పలికినది.

ఇక చిక్కుల సంగతి. పల్లెటూరిలో కంప్యూటరునకు మొదటి శత్రువు కరెంటు కోత. విండోస్ 95, 98 కాలములో నడుమ కరెంటు పోయినచో దస్త్రములెచ్చట నున్నవో తెలుపు లెక్క సగము వ్రాసి సగము వ్రాయకుండ నిలిచిపోయెడిది. మరల మీట నొక్కినప్పుడు ‘నన్ను సరిగా ఆపలేదు’ అని యొక నింద మోపి, చాలసేపు తన పెట్టెనంతయు వెదకికొనెడిది. తరువాతి విండోసులలో వాడుకకు వచ్చిన పద్ధతి మన కరణముల పద్ధతివంటిది. కరణము ముందు చిట్టాలో వ్రాసి పిమ్మట ఖాతాలో నెక్కించును గదా! ఆ రీతినే యంత్రమును తాను చేయబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసికొనును. నడుమ దీపమారినను లేచిన పిమ్మట చిట్టా చూచి ఖాతా సరిదిద్దుకొనును. అయినను మీరు దాచక ముందు కొట్టిన పుటను ఏ చిట్టాయు తెచ్చి యీయజాలదు. కావున పేరాకొకమారు దాచుకొనుట మేలు.

యంత్రము మొరాయించినప్పుడు చేయవలసినది యేమి? నాకు అనుభవము నేర్పినది మూడు మాటలు. తెరమీద వచ్చిన హెచ్చరికను కొట్టివేయకముందు ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనుడు. వైద్యునకు రోగలక్షణము చెప్పకుండ మందడుగరాదు. నిన్న పనిచేసినది నేడు పనిచేయనిచో నడుమ ఏమి మారినదో యోచింపుడు; క్రొత్తగా చేర్చినదానిని తీసి చూడుడు. ఒక్కమారు ఒక్క మార్పే చేయుడు. నాలుగు కలిపి చేసినచో దేనివలన బాగుపడినదో, దేనివలన చెడినదో తెలియదు.

పెద్ద సంస్థలకును ఈ చిక్కులు తప్పవు. 2018 ఫిబ్రవరిలో నొక విచిత్రము జరిగినది. ‘జ్ఞా’ యను మన అక్షరము, నడుమ కంటికి కనబడని వేర్పాటు గురుతు నొకదానిని చేర్చి వ్రాయబడినప్పుడు, ఆపిల్ సంస్థవారి ఫోనులలోను, మెకింటాష్ కంప్యూటరులలోను దానిని చూపబోయిన సాధనము కుప్పకూలెడిది. ఎవరైనను ఆ యక్షరమును సందేశముగా పంపినచో అందుకొన్నవాని సందేశముల పెట్టె తెరవబడదు. ప్రపంచమంతట పత్రికలు దీనిని వ్రాసినవి. ఫిబ్రవరి 19న ఆ సంస్థవారు మరమ్మతు విడుదల చేసిరి. చాలమంది నవ్వుకొనిరి. నాకు మాత్రము వేరొకటి తోచినది. జ్ఞానమునకు మొదటి యక్షరము ఆ స్టేషను మాస్టరునకు పూర్తిగా పట్టువడలేదు. వాడువారు, పరీక్షించువారు, లోపము ఎత్తిచూపువారు ఎందరున్నచో ఒక లిపి యంత్రములో అంత గట్టిపడును. మనము వాడని లిపిని మన కొరకు ఎవరు సరిచూతురు?

మరల నా బిళ్లలకు వచ్చెదను. విచారింపగా ఒక పట్టణమున ఒక కంపోజరు పాత ఎక్స్‌.పి. యంత్రమును గుడ్డ కప్పి దాచియుంచెనని తెలిసినది. 2014 ఏప్రిల్ 8తో ఆ వ్యవస్థకు మరమ్మతులు నిలిచిపోయినవి గావున దానిని ఇంటర్నెట్టునకు తగిలింపక, పాతపనుల కొరకే యుంచుకొనియుండెను. పాత ఫాంట్లన్నియు దానిలోనున్నవి. మొదటి బిళ్ల తెరచినప్పుడు మా యూరి పేరు తెలుగున తెరపై నిలిచినది. నా చేయి వణకినదని చెప్పుటకు సిగ్గుపడను. అచ్చటినుండి వ్రాతను తీసి మార్పిడి సాధనములో వేసి యూనికోడు చేసితిమి. తప్పులు కోకొల్లలు. పాతఫాంటులో ‘మ’ను ‘వ’ ముక్కకు కొమ్ము తగిలించి కూర్చియుండుటచే ‘మాచర్ల’ ‘వూచర్ల’ యైనది. ‘మనము’ ‘వునవుు’ అయినది. వత్తులు ప్రక్క యక్షరమునకు పోయి తగులుకొన్నవి. మూడు మాసములు రాత్రులు కూర్చుండి దిద్దితిని. రెండు బిళ్లలు దక్కినవి.

మూడవది దక్కలేదు. బూజు పట్టిన ఆ బిళ్లను నాలుగు యంత్రములలో పెట్టి చూచితిమి. సగము వచ్చినది. చివరి తొమ్మిది పుటలు రాలేదు. అందు ఒక వృద్ధురాలు కాలువనీరు రాకముందు వేసవిలో మంచినీటికై స్త్రీలు పడిన పాట్లను, ఏ బావివద్ద ఎవరు ఏ వరుసలో నిలిచెడివారో చెప్పియుండెను. ఆమె యిప్పుడు లేదు. నేను జ్ఞాపకమునుండి రెండు పుటలు వ్రాసితిని. అవి నా మాటలు, ఆమెవి కావు. ఇందులో దుకాణమువారి తప్పు లేదు, యంత్రము తప్పును లేదు. పదునేడేండ్లు పెట్టెలో పెట్టి మరచినవాడను నేను.

పెద్దలారా, ఈ కథ నాది యొక్కనిదే యైనచో మీ కాలము హరించియుండను. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ అను కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టినది మొదలు ప్రభుత్వపు దస్త్రములు యంత్రములకెక్కుచునే యున్నవి. వానిని చూచుకొనుటకు ప్రభుత్వమునకు ఉద్యోగులు కలరు. కాని సహకారసంఘపు తీర్మానములను, గ్రంథాలయపు జాబితాను, గుడి తిరునాళ్ల చందాల పుస్తకమును, ఊరి కవి వ్రాసికొన్న పద్యములను చూచుకొనువారెవరు? అవి యేదో దుకాణములో పాతఫాంటులో నున్నవి. ఆ యంత్రములు నేడో రేపో ఆగును. 2015లో వచ్చిన విండోస్ 10నకు సైతము 2025 అక్టోబరు 14తో సామాన్యమైన మరమ్మతులు ముగిసినవి. దాని తరువాతి విండోస్ 11 పాత యంత్రములు పెక్కింటిని అంగీకరింపదు. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరినుండి ఆ మైక్రోసాఫ్టు సంస్థకే ప్రధానాధికారి. మనవాడున్నాడని గర్వింపవచ్చును గాని, మన యూరి తీర్మానముల పుస్తకమును కాపాడుట ఆయన పని కాదు.

పల్నాటి వీరచరిత్రమును తలచుకొనుడు. తాటియాకులకు పురుగు పట్టును, చెదలంటును. అయినను ఆ కథ నిలిచినదన్నచో, పాత యాకు శిథిలము కాకముందే ఎవరో యొకరు క్రొత్త యాకుపై ప్రతి వ్రాసికొనుటచేతనే. 1911లో అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు దానిని అచ్చునకెక్కించిరి. తాటియాకునుండి కాగితమునకు దాటించినవారికి ఆ కథ ఋణపడియున్నది. నేడు పాతఫాంటునుండి యూనికోడునకు దాటింపవలసిన వంతు మనది.

చేయవలసిన పని చిన్నది. మీ సంఘమున పాత కంప్యూటరును అమ్మివేయుటకు ముందు అందున్నదానిని యూనికోడు చేయించి, పాతప్రతితో సరిచూచి, రెండు వేర్వేరు చోట్ల దాచుడు. ఒక ప్రతి కాగితముపై అచ్చువేయించి గ్రంథాలయమున నుంచుడు. ఇకమీదట డి.టి.పి. దుకాణమున నేదైనను కూర్పించునప్పుడు ‘యూనికోడులో చేసి, దస్త్రము కూడ మాకిమ్ము’ అని యడుగుడు. యంత్రము పాతబడినచో పారవేయనక్కరలేదు. తేలికపాటి లినక్సు వేసినచో అది ఇంకను కొన్నియేండ్లు పాఠశాలకు పనికివచ్చును. మీరు స్వయముగా మీట నొక్కనక్కరలేదు. ఊరిలో చదువుకొన్న పిల్లలున్నారు. పని వారు చేయుదురు. ఏది ముఖ్యమో, ఏది పోకూడదో చెప్పవలసినవారు మాత్రము మీరే. ఆ తొమ్మిది పుటలలోని బావుల పేర్లు మా యూరి పిల్లలకు తెలియవు. మీ యూరి బావుల పేర్లు మీకు తెలియును.